మాజీ సైనికుడైన నాన్నగారి తొలి వర్ధంతి పూజలో ఏమి మాట్లాడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ నాన్నగారు 1970లో సైన్యంలో చేరి, 28 ఏళ్ళు చేసి, సుబేదారుగా పెన్షన్ మీద ఇంటికి వచ్చారు. వచ్చే నెల మిర్యాలగూడ దగ్గర మీ ఊరి కథోలిక గుడిలో, అంటే చర్చిలో, ఆయన తొలి వర్ధంతి పూజ. చివర అయిదు నిమిషాలు మాట్లాడమని విచారణ గురువులు (మీ గుడి ఫాదర్) మీకు చెప్పారు. బంధువులు ఫ్లెక్సీ కట్టిస్తామంటున్నారు. నాన్న సైనికుడు, భక్తిపరుడు, ఇల్లే ప్రాణంగా బతికిన మనిషి, ఈ మూడింటినీ అయిదు నిమిషాల్లో ఎలా ఇమడ్చాలని అడిగారు.

ఇమడ్చకండి. ఆ మూడూ ఒకేచోట కలిసిన ఒక్క అలవాటును వెతికి పట్టుకుని, దాన్నే నింపాదిగా చెప్పండి. తర్వాత ఆయన ఆత్మ కోసం ప్రార్థించమని అందరినీ అడిగి దిగిపోండి.

నేను ఫిరంగి దళంలో 24 ఏళ్ళు క్లర్కుగా చేసి వచ్చినవాణ్ణి. గత 18 ఏళ్ళుగా నల్గొండ మేత్రాసనంలోని (బిషప్ గారి పరిధిలోని) మా విచారణలో (పారిష్‌లో) ఉపదేశి (మతబోధకుడు) గారికి చేదోడుగా ఉంటున్నాను. ఊళ్ళో ఎవరు పోయినా నాలుగు ముక్కలు రాసిపెట్టమని నా దగ్గరికి వస్తారు. అలా నలభైకి తక్కువ కాకుండా రాసి ఉంటాను. వాటిలో పది, పన్నెండు మాజీ సైనికులవి. కాబట్టి చెప్పేదంతా చేసిన పనిలోంచీ, చేసిన తప్పుల్లోంచీ చెబుతున్నాను.

మొదటిది ఒక హవల్దారు గారిది. భర్తీ అయిన తేదీ, శిక్షణ, పోస్టింగులు, ప్రమోషన్లు, పతకాలు, ఒక్కటీ వరుస తప్పకుండా రాశాను. పెద్దకొడుకు గడగడా చదివాడు. పూజ అయ్యాక ఆయన భార్య గుడి మెట్ల దగ్గర నన్ను ఆపి, "తమ్ముడూ, ఈ కాగితం పెన్షన్ ఆఫీసులో ఇస్తే సరిపోయేది కదా" అన్నారు. క్లర్కుకు అంతకు మించిన తిట్టు లేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు ఇంకొకరిది వచ్చింది. ఆయన కూడా సుబేదారే. ఈసారి సర్వీసు కాగితాలు అడగలేదు. ఇంటికి వెళ్ళి కూర్చుని, "ఆయన పోయాక ఈ ఇంట్లో ఏ పని ఆగిపోయింది?" అని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి చిన్నకూతురు, "శనివారం బూట్ల పాలిష్" అంది.

శనివారం రాత్రి అన్నం తిన్నాక ఆయన వసారాలో పాత వార్తాపత్రిక పరిచేవారట. నల్ల చెర్రీ బ్లాసమ్ డబ్బా, రెండు బ్రష్షులు, చింపిన బనియను గుడ్డ. మరునాడు గుడికి వెళ్ళే అయిదుగురి బూట్లూ వరుసగా పెట్టుకునేవారు. ముందు తడిగుడ్డతో మట్టి తుడవడం, తర్వాత డబ్బా మూతలో రెండు చుక్కల నీళ్ళు పోసుకుని, గుడ్డను వేలికి చుట్టి, బూటు ముక్కు మీద గుండ్రంగా తిప్పుతూ రుద్దడం. ఆ పని జరుగుతున్నంతసేపూ పెదవులు కదులుతుండేవి. బ్రష్షు ఎన్నిసార్లు వేశారో లెక్కపెట్టుకుంటున్నారని ఆ అమ్మాయి చాలాకాలం అనుకుంది. ఆయన చెప్పుకుంటున్నది జపమాల. ఒక్కో జతకు పది మంగళవార్త జపాలు, అంటే మరియ తల్లికి చెప్పే చిన్న ప్రార్థన పదిసార్లు. అయిదు జతలు అయ్యేసరికి జపమాల పూర్తి. ఎవరి బూట్ల దగ్గర ఆ పది జపాలు వారి కోసం.

గుడిలో ఆ అమ్మాయి ఇదొక్కటే చెప్పింది. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. పటాలం, ఇల్లు, గుడి అని విడివిడిగా చెప్పాల్సిన అవసరం రాలేదు. మీ నాన్నగారి దగ్గర కూడా ఇలాంటిది తప్పకుండా ఒకటి ఉంటుంది. మొదట మీ అమ్మగారిని అడగండి, తర్వాతే ఆయన స్నేహితులను. స్నేహితులకు తెలిసింది సుబేదారు గారు. మీకు కావలసింది ఆ శనివారం రాత్రి మనిషి.

అమ్మగారిని ముందు అడగమనడానికి ఇంకో లెక్క కూడా ఉంది. జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు. రెండూ ఒక్కరోజు కూడా పోకుండా దొరికాయనుకున్నా 28 ఏళ్ళకు 2,520 రోజులు, అంటే ఏడేళ్ళు కూడా నిండవు. మిమ్మల్ని వెంట తీసుకెళ్ళిన పీస్ స్టేషన్ ఏళ్ళను పక్కన పెడితే, సర్వీసు కాలమంతటిలో ఆయన ఇంట్లో ఉన్నది అంతే. మిగతా రోజుల్లో మీ జ్వరాలు, బడి ఫీజులు, వానలు పడని ఏళ్ళలో మెట్ట పొలం, ముసలి అత్తమామలు, అన్నీ మీ అమ్మగారి నెత్తినే. కుటుంబాన్ని ప్రాణంగా చూసుకున్నారని మీరు ఒక్క వాక్యంలో అనేస్తే, మొదటి వరుసలో కూర్చున్న ఆవిడకు ఎలా ఉంటుందో ఆలోచించండి. చూసుకోవడం ఎలా జరిగిందో చెబితే అది నిజమవుతుంది. నెలనెలా వచ్చిన మనీ ఆర్డరు, దాని అడుగున కాస్త చోటులో ఇరికించి రాసిన రెండు వాక్యాలు, ఫిబ్రవరిలో గుణదల మాత పండుగకు అందేలా సర్దుకున్న సెలవు, ఇలాంటివి.

ఇంట్లో నల్ల ట్రంకు పెట్టె ఉండే ఉంటుంది. మూత మీద తెల్ల రంగుతో నంబరు, ర్యాంకు, పేరు. అది తీసి అడుగు దాకా చూడండి. ఉత్తరాలు దొరికితే అదృష్టం. వాటి మీద ఊరి పేరు ఉండదు, "కేరాఫ్ 56 ఏపీఓ" అనో "99 ఏపీఓ" అనో ఉంటుంది. అవి సైనిక తపాలా చిరునామాలు. మనిషి ఎక్కడున్నాడో బయటికి తెలియకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. భర్త ఏ కొండ మీద ఉన్నాడో తెలియకుండానే జవాబులు రాసిన ఆడవాళ్ళు మన వైపు ఊళ్ళలో ఎందరో ఉన్నారు. ఒక ఉత్తరంలో ఒక్క వాక్యం బాగుంటే అది చాలు, చదవండి. మొత్తం ఉత్తరం చదవొద్దు. అది అమ్మగారిది.

ఇక భక్తి సంగతి. "ఒక్క ఆదివారం కూడా పూజ మానలేదు" అని మాత్రం రాయకండి. దాదాపు ప్రతి ఇంటివాళ్ళూ ఈ వాక్యం తెస్తారు, నేను ప్రతిసారీ కొట్టేస్తాను. సైనికుడి విషయంలో అది నిజమయ్యే అవకాశమే లేదు. యూనిట్లలో సర్వధర్మ స్థల్ ఉంటుంది, అన్ని మతాలవారికీ కలిపి ఒకే ప్రార్థనా మందిరం. నేను ఉత్తరాన ఒకచోట ఉన్నప్పుడు అది రేకుల గది. ఒకే గోడకు అందరి దేవుళ్ళూ, మూలన మరియ తల్లి పటం. బ్యాటరీ (ఫిరంగి దళంలో ఒక విభాగం) మొత్తానికి కథోలికులం ఇద్దరమే. నెలల తరబడి గురువు దొరకరు, పూజ ఉండదు, సత్ప్రసాదం (పూజలో అందుకునే అప్పం) ఉండదు. ఆదివారం పొద్దున ఇద్దరమూ ఆ మూల నిలబడి పరలోక జపం, మంగళవార్త జపం తెలుగులో చెప్పుకుని డ్యూటీకి పోయేవాళ్ళం. రెండో అతను మలయాళీ. అతను తన భాషలో, నేను నా భాషలో, ఒకేసారి. సెలవు మీద ఇంటికి వచ్చి మన గుడిలో మొదటి పూజలో కూర్చుంటే గొంతు పెగిలేది కాదు. మీ నాన్నగారు సెలవులో వచ్చిన మొదటి ఆదివారం ఎలా ఉండేవారో అమ్మగారిని అడిగి చూడండి.

ఇంకొకటి. సైనికుల పూజల్లో పునీత పౌలు గారి "మంచి పోరాటం పోరాడాను" అన్న మాట లేకుండా కరపత్రం ఉండదు. తప్పేమీ లేదు, అరిగిపోయింది, అంతే. సత్ప్రసాదానికి ముందు మనమంతా చెప్పే మాట ఒకటుంది, ప్రభువును తన దగ్గరికి రప్పించుకోవడానికి తాను తగనని, ఒక్క మాట చాలునని. అది సువార్తలో రోమను సైన్యపు శతాధిపతి అన్న మాట. ఒక సైనికాధికారి తన సేవకుడి కోసం బతిమాలుతూ అన్నది. మీ నాన్నగారు ఆ మాటను జీవితంలో కొన్ని వేలసార్లు చెప్పి ఉంటారు. మాట్లాడటం మొదలుపెట్టడానికి చోటు కావాలంటే అదొకటి.

మాట్లాడే సమయం గురువులతో ముందే తేల్చుకోండి. అంత్యక్రియల పూజలో గురువు ప్రసంగం మృతుడి గుణగానం కాకూడదని రోమను పూజా గ్రంథ నిబంధనల్లోనే ఉంది. కుటుంబం తరఫున ఎవరైనా మాట్లాడితే అది సత్ప్రసాదం తర్వాతి ప్రార్థన అయ్యాక, క్లుప్తంగా. వర్ధంతికీ అదే పద్ధతి పాటిస్తారు. కొందరు గురువులు పూజకు ముందే చెప్పించేస్తారు, కొందరు సమాధి దగ్గర. ఎక్కడైనా చేత్తో రాసిన రెండు పేజీలు మించితే వెనక బల్లల్లో పిల్లలు లేస్తారు.

ఆ నిబంధన ఎందుకో తెలిస్తే మీ పని సులువవుతుంది. మన పూజ ఆయన గొప్పవాడని తీర్పు చెప్పడానికి కాదు, ఆయన కోసం అడగడానికి. దీనికి ఆధారంగా చూపే మక్కబీయుల రెండో గ్రంథం 12వ అధ్యాయంలో చనిపోయినవాళ్ళు కూడా సైనికులే. యుద్ధంలో పడిపోయిన తనవాళ్ళ దుస్తుల కింద విగ్రహాల తాయెత్తులు కనబడితే, యూదా మక్కబీయుడు వాళ్ళను తిట్టి వదిలేయలేదు. మనిషి మనిషి దగ్గరా చందా పోగుచేసి, 2,000 వెండి డ్రాక్మాలు యెరూషలేముకు పంపి, వాళ్ళ పాపాల కోసం బలి అర్పింపజేశాడు. తప్పు చేసిన జవాన్ల కోసం వాళ్ళ నాయకుడు చేయించిన ప్రార్థన అది. ప్రొటెస్టెంటు బైబిళ్ళలో ఈ గ్రంథం ఉండదు. మీకు దేవరకొండ వైపు ఎంబీ చర్చి (మెన్నోనైట్ బ్రెదరెన్ అనే ప్రొటెస్టెంటు సంఘం) బంధువులు ఉన్నారన్నారు కదా, చనిపోయినవారి కోసం ప్రార్థన దేనికని వాళ్ళు అడుగుతారు. వర్ధంతి నాడు వాదన పెట్టుకోకండి. భోజనాలయ్యాక నింపాదిగా ఈ అధ్యాయం చూపించండి.

దీనివల్ల ఇంకో మేలుంది. మన వాళ్ళను దోషం లేనివాళ్ళుగా చూపాల్సిన భారం మీ మీద ఉండదు. చాలామంది మాజీ సైనికుల ఇళ్ళలో పిల్లలకు రోల్ కాల్ ఉండేది, కొన్ని ఇళ్ళలో బెల్టూ ఉండేది, మరికొన్నింట్లో క్యాంటీన్ రమ్ము ఎక్కువయ్యేది. మీ ఇంటి సంగతి నాకు తెలియదు, అడగను. మైకులో చెప్పాల్సిన సంగతులు కావు. కానీ "నాన్నకు కోపం ఎక్కువ, ఆ కోపం గురించి నెలనెలా పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసుకునేవారు, వచ్చాక మాకు మిర్చి బజ్జీలు కొనిపెట్టేవారు" అని ఒక కొడుకు చెప్పినప్పుడు గుడంతా నవ్వింది, ఆ తల్లి కూడా నవ్వింది. ఎదురుగా కూర్చున్నవాళ్ళకు ఆయన్ని తెలుసు. తెలిసినవాళ్ళ ముందు పునీతుణ్ణి చేయబోతే వాళ్ళు పక్కవాళ్ళ ముఖాలు చూస్తారు.

ఇప్పుడు నా అసలు రోగానికి, అంటే కాగితాలకు వస్తాను. అయిదు నిమిషాల మాటలో సర్వీసు వివరాలు రెండు వాక్యాలు దాటకూడదు. కానీ ఆ రెండూ అక్షరం తప్పకూడదు, ఎందుకంటే ఆయన తోటివాళ్ళు టై కట్టుకుని వచ్చి వెనక కూర్చుంటారు.

డిశ్చార్జి బుక్కు తీయండి. దళం పేరు అందులోంచే రాయండి. మన వైపు దక్షిణాదివాళ్ళంతా "మద్రాసు రెజిమెంటు" అనుకునే అలవాటుంది. నీలగిరుల్లో వెల్లింగ్టన్ కేంద్రంగా ఉన్న మద్రాసు రెజిమెంటు వేరు, బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాసు ఇంజినీర్ గ్రూపు, అంటే మద్రాసు సాపర్లు, వేరు. గోల్కొండలో శిక్షణ పొందితే అది ఆర్టిలరీ, మా వాళ్ళు. ర్యాంకు కూడా అంతే. ఆగస్టు 15కో జనవరి 26కో ఆనరరీ లెఫ్టినెంటు, ఆనరరీ కెప్టెన్ హోదాలు ఇస్తారు. వచ్చి ఉంటే ఆ "ఆనరరీ" వదలకుండా రాయండి. రాకపోతే సుబేదారు అనే రాయండి. సిపాయిగా చేరి సుబేదారు కావడం చిన్న సంగతి కాదు, దానికి తోక తగిలించనక్కర్లేదు.

1971 యుద్ధంలో ఉన్నారని ఇంట్లో అంటారు గానీ రుజువు లేదన్నారు. పతకాలు చూడండి. అంచు మీద నంబరు, పేరు చెక్కి ఉంటాయి, భూతద్దం పట్టుకుంటే కనబడతాయి. పూర్వీ స్టార్ ఉంటే తూర్పు రంగం, పశ్చిమీ స్టార్ ఉంటే పడమటి రంగం. సంగ్రామ్ పతకం ఒక్కటే ఉంటే అది ఇంకా చాలామందికి వచ్చింది, దాన్నిబట్టి యుద్ధరంగంలో ఉన్నారని చెప్పలేం. 1972 నాటి స్వాతంత్ర్య రజతోత్సవ పతకం, 1997 నాటి స్వర్ణోత్సవ పతకం ఆయా సమయాల్లో సర్వీసులో ఉన్నందుకు వచ్చినవి. అవి శౌర్య పతకాలు కావు. 20 ఏళ్ళ సుదీర్ఘ సేవా పతకాన్ని మాత్రం తేలిగ్గా చూడకండి, అన్నేళ్ళు సేవ చేసినవాడికే అది వస్తుంది.

ఒక ఇంట్లో, తండ్రి కార్గిల్‌లో పోరాడారని కరపత్రంలో వేస్తామని పట్టుబట్టారు. కాగితాలు చూస్తే 1999లో ఆయన మధ్య భారతంలో ఒక మందుగుండు డిపోలో స్టోర్‌కీపరు. కొడుక్కి ముఖం చిన్నబోయింది. ఆ రెండు నెలలూ ఆయన ఇంటికి ఒక్క ఉత్తరమూ రాయలేదని, తర్వాత సెలవులో వచ్చినప్పుడు రెండు రోజులు పడుకునే ఉన్నారని తల్లి చెప్పింది. రాత్రీ పగలూ లారీలకు లోడు ఎక్కించారట. అదే రాశాం. వెనక కూర్చున్న మాజీలు ముగ్గురూ తలలూపారు. కార్గిల్ అని వేసి ఉంటే ఆ ముగ్గురే బయట టీ కొట్టు దగ్గర మాట్లాడుకునేవాళ్ళు.

పేర్ల సంగతి కూడా చూసుకోండి. పాత తరం కథోలికులకు గుడి రిజిస్టరులో చిన్నప్ప, సైన్యంలో పౌలు, రాయప్ప కాస్తా పీటరు, శౌరయ్య జేవియరు అయి ఉంటారు. జ్ఞానస్నానం ఏ గుడిలో జరిగితే ఆ గుడి రిజిస్టరులో పేరు ఉంటుంది, దాని పక్కనే పెళ్ళి కూడా నమోదు చేస్తారు. వెళ్ళి చూసి రండి, తేదీలన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. పూజలో గురువులు తలిచే పేరు జ్ఞానస్నాన నామమే అయితే బాగుంటుంది. మీరు అడగలేదు గానీ, పెన్షన్ కాగితంలో అమ్మగారి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలవకపోతే ఫ్యామిలీ పెన్షన్ చిక్కులో పడుతుంది. ఏడాది అయింది కాబట్టి అది సర్దుకునే ఉంటుంది. సర్దుకోకపోతే ఫ్లెక్సీ కంటే ముందు సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి.

ఫ్లెక్సీ వద్దంటే మీ బంధువులు వినరు. కనీసం మాటలు సరిచూడండి. "అమరవీరుడు", "వీరమరణం" వేయకండి. అవి విధి నిర్వహణలో ప్రాణం పోగొట్టుకున్నవారి కోసం. మీ నాన్నగారు 70 దాటి ఇంట్లో, అభ్యంగనం (రోగులకు గురువు పూసే పవిత్ర తైలం) పొంది, పిల్లల మధ్య కన్నుమూశారు. అదెంత మంచి చావో సైన్యంలో చేసినవాడికి తెలుసు. "మాజీ సైనికుడు, సుబేదారు, ప్రభువు నందు నిద్రించిన తేదీ" అంటే సరిపోతుంది. "స్వర్గస్థులైన" అని వేస్తూనే ఆత్మశాంతికి ప్రార్థించమనడం ఒకదానికొకటి పొసగదు. ఈ మాట ప్రింటింగువాడికి చెబితే నన్ను ఎగాదిగా చూశాడు.

సమాధి మీద జాతీయ జెండా కప్పుదామని ఎవరో ఒకరు అంటారు. 2002 నాటి జెండా నియమావళి ప్రకారం ప్రభుత్వ, సైనిక, పారామిలిటరీ లాంఛనాలతో జరిగే అంత్యక్రియలప్పుడు తప్ప జెండాను దేనిమీదా కప్పడానికి లేదు. అప్పుడు కూడా కాషాయం తలవైపు ఉండాలి, జెండాను గోతిలోకి దించకూడదు. వర్ధంతికి సమాధికి సున్నం వేయించి, బంతిపూలు, కొవ్వొత్తులు పెట్టండి. నవంబరు 2న ఆత్మల పండుగకు ఎలా చేస్తారో అలాగే.

ఫోటో యూనిఫాంలోదా, మామూలుదా అని చివర అడిగారు. నేనైతే గుడిలో తెల్లచొక్కా ఫోటో పెట్టి, భోజనాల దగ్గర యూనిఫాం ఫోటో పెడతాను. మీ అమ్మగారు యూనిఫాం ఫోటోనే గుడిలో ఉండాలంటే ఆవిడ మాటే.

ఈ వారంలో ట్రంకు పెట్టె తెరిచి, అమ్మగారి దగ్గర కూర్చోండి. రాసిన రెండు పేజీలు ఇక్కడ పెడితే తేదీలు, ర్యాంకులు, పతకాల పేర్లు నేను సరిచూసి పెడతాను. మిగతాది నేను ముట్టను.